చెరకు కోతకని పుట్టిన రంపం మన సాలలోకి ఎలా వచ్చింది?



ఈసారి విత్తనాలూ ఎరువులూ కాదు, కరెంటు రంపం గురించి రాస్తున్నాను. ఇప్పుడు మన బొబ్బిలి చుట్టుపక్కల ఏ ఊరు వెళ్ళినా పశువుల సాలలో మేకుకి ఒక కటింగ్ మిషను వేలాడుతూ కనిపిస్తోంది. కొందరి దగ్గర గొలుసు రంపం కూడా ఉంది. నాగలి పట్టడం మనకి నాయన నేర్పాడు, కొడవలి పట్టడం అమ్మ నేర్పింది. ఈ మిషను పట్టడం మాత్రం ఎవరూ నేర్పలేదు. షాపులో డబ్బులిచ్చాం, ఇంటికి తెచ్చాం, ప్లగ్గు పెట్టాం. అంతే. అది ఎక్కడ పుట్టిందో, ఎందుకు అలా తయారైందో తెలిస్తే దాన్ని ఎలా పట్టుకోవాలో సగం అర్థమవుతుంది. అందుకే కొంచెం చరిత్ర చెప్తాను, ఓపిగ్గా చదవండి.

రంపం చాలా పాతది. ఈజిప్టువాళ్ళు వేల ఏళ్ళ కిందటే రాగి రంపాలతో కలప కోశారు. మన సింధులోయ నగరం మొహెంజోదారో తవ్వకాల్లోనూ లోహపు రంపాలు దొరికాయి. ఇనుము వచ్చాక రంపం గట్టిపడింది గానీ పని తీరు మారలేదు. పంటి వెంట పన్ను నడుస్తుంది, ఒక్కో పన్ను చిన్న ఉలిలాగా కొంచెం కొంచెం గీకుతుంది. ఒక పన్ను కుడికి, పక్కది ఎడమకి వంచి ఉంటుంది. అలా ఉంటేనే కోత రేకు మందం కన్నా వెడల్పుగా పడి రంపం బిగుసుకోదు. మన వడ్రంగులు ఆకురాయితో పళ్ళు రాసుకుని, పన్ను పన్నూ చూసుకుని వంచుకునేవాళ్ళు. ఈ బిగుసుకోవడం అన్న మాట గుర్తుపెట్టుకోండి, కింద మళ్ళీ దాని అవసరం వస్తుంది.

మన ఊళ్ళల్లో వడ్రంగి పని ఎలా సాగేదో పెద్దోళ్ళందరికీ తెలుసు. నాగలి, కాడి, బండి, ఇంటి దూలం అన్నీ ఆయన చేతి మీదే నడిచేవి. కూలి రోజువారీ ఇచ్చేది కాదు, పంట కళ్ళానికొచ్చాక మేర కొలిచి ఇచ్చేవాళ్ళం. ఆయన నేల మీద కూర్చుని, చెక్కని కాలి వేళ్ళతో అదిమిపట్టి, రెండు చేతులతో రంపం ఆడించేవాడు. బల్ల లేదు, బిగింపు లేదు. కాలే బిగింపు. చేతి రంపానికి అది చక్కగా సరిపోయే పద్ధతి. రంపం జారితే తోలు గీరుకునేది, పసుపు అద్దుకుని మళ్ళీ పనిలో పడేవాడు.

పెద్ద దుంగలు కోయాలంటే ఇద్దరు మనుషులు కావాలి. దుంగని ఎత్తు మీద పెట్టి ఒకడు పైన నిలబడతాడు, ఒకడు కింద. పైవాడు గీత చూసుకుంటాడు, కిందవాడి కళ్ళల్లో పొట్టు పడుతుంది. రోజంతా లాగితే నాలుగు పలకలు వచ్చేవి.

మన బొబ్బిలి పేరు దేశం నలుమూలలా తెలిసింది కూడా కలప పనితోనే. పట్టణం పక్కనే గొల్లపల్లిలో సర్వసిద్ధి వారి కుటుంబాలు తరాలుగా వీణలు చేస్తున్నాయి. బొబ్బిలి రాజావారి సంస్థానం ఆదరణలో పెరిగిన విద్య అది. 2012లో బొబ్బిలి వీణకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పనస దుంగ ఒక్కటే తీసుకుని కుండ, దండి అంతా అందులోంచే చెక్కితే దాన్ని ఏకాండి వీణ అంటారు. ముక్కలు అతకరు కాబట్టి నాదం తెగకుండా పలుకుతుందని చెప్తారు. ఆ పనిలో రంపం పాత్ర మొదట దుంగని సైజుకి తేవడం వరకే. తర్వాతదంతా బాడిత, ఉలి, చెయ్యి, చెవి. ఏ పనిముట్టు ఎక్కడిదాకా వాడాలో, ఎక్కడ ఆపాలో తెలియడమే పనితనం. మనం మిషను కొన్నాం గానీ ఈ సంగతి వాళ్ళ దగ్గర నేర్చుకోలేదు.

ఇక మిషను సంగతికి వద్దాం. గుండ్రటి రంపపు బిళ్ళకి ఇంగ్లండులో శామ్యూల్ మిల్లర్ అనే ఆయన 1777లో పేటెంటు తీసుకున్నాడు. తర్వాత ఆవిరి యంత్రాలు వచ్చాయి, సామిల్లులు వచ్చాయి. అంతకు ముందు రంపం కలప దగ్గరికి వెళ్ళేది. సామిల్లుతో కలపే రంపం దగ్గరికి వెళ్ళాల్సి వచ్చింది. బిళ్ళ ఒకచోట గట్టిగా బిగించి ఉంటుంది, దుంగని దానిమీదకి తోస్తారు.

మళ్ళీ రంపం మనిషి చేతిలోకి రావాలంటే చేత్తో ఎత్తగలిగినంత చిన్న మోటారు కావాలి. జర్మనీలో ఫైన్ అనే కంపెనీ 1895లో చేత్తో పట్టుకునే కరెంటు డ్రిల్లు చేసింది. ఆ తర్వాత పాతికేళ్ళకి అమెరికాలో జరిగిన కథ మన చెరకు రైతులకి బాగా నచ్చుతుంది.

ఎడ్మండ్ మిచెల్ అని ఒకాయన. అమెరికా దక్షిణాన లూసియానా ప్రాంతం, అంతా చెరకు తోటలు. కూలీలు పెద్ద కత్తులతో చెరకు నరుకుతూ పడే అవస్థ చూశాడు. ఈ కత్తికి మోటారు పెడితే ఎలా ఉంటుంది అనుకుని 1921లో ఒక చిన్న కరెంటు మోటారుకి కోత బిగించాడు. పాలల్లో మాల్టు కలిపే మిక్సరు మోటారు అది. చెరకు తోటలో దాని పని అంతగా సాగలేదు గానీ, ఇదే మోటారుకి గుండ్రటి రంపపు బిళ్ళ తగిలిస్తే కలప కోయొచ్చని తేలింది. జోసెఫ్ సల్లివన్ అనే వ్యాపారి ఆయనతో కలిశాడు. 1924లో కంపెనీ పెట్టారు, చేతి రంపం అమ్మకానికి వచ్చింది. దాని పేరే స్కిల్‌సా. వందేళ్ళు గడిచాయి. ఆ రంపం ప్రపంచమంతా తిరిగింది. సీతానగరం, బొబ్బిలి వైపు మన చెరకు మాత్రం ఇప్పటికీ చేతికత్తితోనే నరుకుతున్నాం. మన కోసం మొదలెట్టిన పనిముట్టు మనకి తప్ప అందరికీ పనికొచ్చింది!

గొలుసు రంపం కథ ఇంకా వింత. మొదట దాన్ని చెట్ల కోసం చెయ్యలేదు. 1780ల ప్రాంతంలో స్కాట్లాండులో జాన్ ఐట్‌కెన్, జేమ్స్ జెఫ్రే అనే ఇద్దరు డాక్టర్లు ఎముక కోయడానికి చిన్న పళ్ళ గొలుసు తయారు చేశారు, చేత్తో లాగేది. చెట్ల పనికి 1926లో జర్మనీలో ఆండ్రియాస్ స్టీల్ కరెంటు గొలుసు రంపం చేశాడు. మరుసటి ఏడాదే అక్కడే ఎమిల్ లెర్ప్ పెట్రోలుతో నడిచేది చేశాడు. అవి ఇద్దరు మనుషులు పట్టుకోవాల్సినంత బరువు. ఒక్కడు పట్టుకునేవి 1950 నాటికి గానీ కుదురుకోలేదు.

అయితే ఆ గొలుసు పళ్ళు ఊరికే మొద్దుబారిపోయేవి. రోజులో సగం ఆకురాయితోనే గడిచిపోయేది. అమెరికాలో ఓరెగాన్ రాష్ట్రంలో జోసెఫ్ బుఫర్డ్ కాక్స్ అనే కలప కూలీ 1946లో ఒక మోడులో పెంకుపురుగు పిల్లని చూశాడు. మన జీడి, మామిడి చెట్లలో కాండం తొలిచే పురుగు ఉంటుంది చూశారా, అలాంటిదే. మనకైతే దాన్ని చూస్తే మందు గుర్తొస్తుంది. ఆయన మాత్రం కూర్చుని అది కలపని ఎలా తింటోందో చూశాడు. దాని దవడలు కుడికీ ఎడమకీ మార్చి మార్చి కోస్తున్నాయి. ఈనె వెంటా పోతోంది, ఈనెకి అడ్డంగానూ పోతోంది. అలాగే ఒక పన్ను కుడికీ ఒక పన్ను ఎడమకీ వంకీ తిప్పి గొలుసు చేశాడు. 1947 నుంచి అది అమ్మకానికి వచ్చింది. ఈ రోజు మన గొలుసు రంపాల మీద ఉన్న పన్ను ఆ పురుగు దవడకి తమ్ముడే.

ఇంకో చిన్నది కూడా చెప్పాలి. వంకర కోతలకి వాడే జిగ్ సా. స్విట్జర్లాండులో ఆల్బర్ట్ కౌఫ్‌మన్ అనే ఇంజనీరు 1946లో వాళ్ళావిడ కుట్టు మిషనులో సూది తీసి రంపపు రేకు పెట్టి చూశాడు. కిందకీ మీదకీ ఆడే సూది కాస్తా రంపం అయింది.

మన వైపు కరెంటు సంగతి చూస్తే, ఒరిస్సా సరిహద్దులో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955లో మొదలయ్యాకే ఉత్తరాంధ్రకి కరెంటు కాస్త దండిగా అందింది. ముందు మిల్లులు, తర్వాత మోటార్లు, చాలా వెనక ఇంటి పనిముట్లు. ఈలోగా ట్రాక్టర్లు వచ్చాయి, కర్ర నాగలి పోయింది, మేర కొలవడం పోయింది, వడ్రంగి కుటుంబాలు పట్నం దారి పట్టాయి. పని మాత్రం ఊళ్ళోనే మిగిలిపోయింది. ఆ పని ఇప్పుడు రైతు మీద పడింది.

ఆపైన తుపాన్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ. తిత్లీకి పలాస, వజ్రపుకొత్తూరు, సోంపేట వైపు కొబ్బరి, జీడి తోటలు కుప్పకూలిపోవడం మనందరం చూశాం. రోడ్లకి అడ్డంగా పడిన చెట్లు తియ్యాలంటే గొడ్డళ్ళు చాలలేదు. గొలుసు రంపం ఉంటే గంటలో అయ్యే పని, లేకపోతే రోజంతా అని అప్పుడే అందరికీ తెలిసొచ్చింది.

ఇప్పుడు అసలు మాటకొస్తాను. ఈ మిషన్లన్నీ పుట్టింది ఎక్కడ? నిలబడి పని చేసే దేశాల్లో. అక్కడ నడుమెత్తు బల్ల ఉంటుంది. చెక్కని బల్లకి బిగిస్తారు, రెండు చేతులూ మిషను మీద ఉంటాయి. మనం ఏం చేశాం? మిషను తెచ్చుకున్నాం, బల్ల తెచ్చుకోలేదు. కాలితో అదిమిపట్టే మన పాత అలవాటులోకి ఈ కొత్త మిషను వచ్చి పడింది. చేతి రంపానికి కాలు బిగింపు. కరెంటు రంపానికి అదే కాలు మేత. మన ఊళ్ళల్లో బొటనవేళ్ళు, తొడలు తెగడానికి అన్నిటికన్నా పెద్ద కారణం ఇదే అని నా అభిప్రాయం. తప్పు మిషనుదీ కాదు, పాత పద్ధతిదీ కాదు. రెండిటినీ కలపడమే ప్రమాదం.

ఒక లెక్క చూడండి. నాలుగంగుళాల కటింగ్ మిషను బిళ్ళ అడ్డంగా 110 మిల్లీమీటర్లు, నిమిషానికి 12 వేల చుట్లు తిరుగుతుంది అనుకుందాం. అంటే అంచు మీద పన్ను సెకనుకి దాదాపు 69 మీటర్లు, గంటకి దాదాపు 250 కిలోమీటర్ల వేగంతో పోతోంది. ప్రమాదం అని మనిషికి తెలిసి చెయ్యి వెనక్కి తీసుకునేలోపు పావు సెకను పడుతుంది. ఆ పావు సెకనులో పన్ను 17 మీటర్లు నడిచేస్తుంది. కాబట్టి "నేను చాలా జాగ్రత్తగా ఉంటాను" అన్న మాటకి ఇక్కడ విలువ లేదు. చెయ్యి ఆ దారిలో లేకపోవడమే జాగ్రత్త.

మరి మిషను ఎందుకు ఎగురుతుంది? పైన బిగుసుకోవడం అన్నాను కదా. చెక్క రెండు చివర్లా ఆనించి మధ్యలో కోస్తే, కోత దిగేకొద్దీ చెక్క కిందకి వంగి బిళ్ళని నొక్కేస్తుంది. చేతి రంపమైతే అక్కడే ఆగిపోతుంది. మోటారు ఆగదు. బిళ్ళ తిరగలేక, ఆ బలంతో మిషనే వెనక్కి, మన మీదకి ఎగిరి వస్తుంది. అందుకే తెగి పడాల్సిన ముక్క తేలిగ్గా కిందకి పడేలా, మనకి కావలసిన ముక్క కోత పక్కనే ఆనుకుని ఉండేలా పెట్టుకోవాలి. రెండు పాత దూలాలు, నాలుగు కాళ్ళు కలిపి నడుమెత్తు బల్ల ఒకటి కొట్టుకోండి. బజార్లో దొరికే రెండు ఇనుప క్లాంపులు కొనండి. ఈ రెండిటికీ పెట్టే ఖర్చు వేలి కన్నా ఎక్కువ కాదు.

కోసేటప్పుడు మిషను కింద ఉన్న పలకని సర్దుకుని, బిళ్ళ చెక్క అడుగు దాటి పావంగుళం మాత్రమే బయటికి వచ్చేలా పెట్టుకోండి. లోతు ఎక్కువ పెడితే పని త్వరగా అవదు, ప్రమాదం మాత్రం పెరుగుతుంది. బిళ్ళ పూర్తి వేగం అందుకున్నాకే చెక్కకి ఆనించాలి. నెట్టకూడదు, అది తినేంతే ఇవ్వాలి. నెడితే తప్ప దిగడం లేదంటే పళ్ళు అరిగాయని అర్థం. మనం బిళ్ళకి సూటిగా వెనక కాకుండా పక్కకి నిలబడాలి. కోత అయ్యాక బిళ్ళ పూర్తిగా ఆగేదాకా మిషను కింద పెట్టకూడదు. బిళ్ళ ముందువైపు కింద నుంచి పైకి కోస్తుంది కాబట్టి పేళ్ళు పైవైపు లేస్తాయి. నున్నగా కనపడాల్సిన ముఖం కిందకి పెట్టి కోస్తే తలుపు చెక్క అందంగా వస్తుంది. పాత ఇంటి కలప అయితే ముందు మేకులు వెతికి తీసెయ్యండి. పచ్చి పనస కోస్తే జిగురు బిళ్ళకి పట్టేస్తుంది, ప్లగ్గు తీసి కిరసనాయిలుతో తుడిచి ఆరబెట్టాకే మళ్ళీ పని.

బిళ్ళ మీద స్ప్రింగు తొడుగు ఉన్న మిషను కొనుక్కుంటే, కోత కనపడటం లేదని ఆ తొడుగుని తీగతో కట్టెయ్యకండి. మనలో చాలామంది వాడేది నిజానికి రాయి కోసే మిషను, దానికి అలాంటి తొడుగే ఉండదు. దానికి చెక్క బిళ్ళ బిగించి వాడుతున్నాం. అది తెలుసుకుని అంత భయంతోనే పట్టుకోవాలి. బిళ్ళ మీద రాసిన గరిష్ఠ వేగం మిషను వేగం కన్నా తక్కువగా ఉంటే అది బిగించకూడదు. గ్రైండరుకి చెక్క బిళ్ళ, గొలుసు బిళ్ళ అసలు వద్దు.

కరెంటు సంగతి. పొలం దాకా సన్నటి వైరు వంద అడుగులు లాగితే చివర్లో ఓల్టేజి పడిపోయి మోటారు వేడెక్కి కాలిపోతుంది. లావు వైరు వాడండి. మధ్యలో టేపు చుట్టిన అతుకులు తడి గడ్డిలో పడుకుంటే ప్రాణం మీదకే వస్తుంది. మిషను మీద చదరంలో చదరం గుర్తు ఉంటే దానికి ఎర్తు తీగ అక్కర్లేదు, లేకపోతే మూడు పిన్నుల ప్లగ్గు ఉండాల్సిందే. ఇంట్లో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించుకుంటే ఇంటిల్లిపాదికీ మంచిది. బిళ్ళ మార్చేటప్పుడు స్విచ్చి ఆపితే చాలదు, ప్లగ్గు పీకి మన కళ్ళ ముందు పెట్టుకోవాలి. మెడలో తువ్వాలు, వదులు లుంగీ, వదులు గ్లవుజులు వద్దు. కళ్ళద్దాలు తప్పనిసరి.

గొలుసు రంపానికి ఒక్క మాట ముఖ్యం. దాని ముక్కు పైభాగం దేనికీ తగలకూడదు. అక్కడ తగిలితే రంపం కళ్ళు మూసి తెరిచేలోపు మొహం మీదకి లేస్తుంది. దీనికోసమే 1970ల మొదట్లో గొలుసుకి బ్రేకు పెట్టారు. ముందు చేతి దగ్గర ఉండే పలకే అది. అది పనిచేస్తోందో లేదో రోజూ చూసుకోండి. భుజం ఎత్తు దాటి కోయకండి, నిచ్చెన మీద అసలే వద్దు. నిలబడి ఉన్న చెట్టు కొట్టాలంటే పడాల్సిన వైపు కాండంలో పావు వంతు దాకా నోరు కోసి, వెనక కోత దానికి కొంచెం పైన పెట్టాలి. మధ్యలో పదో వంతు కలప వదిలెయ్యాలి. అదే మడతబందులా చెట్టుని నడిపిస్తుంది. అది కూడా కోసేస్తే చెట్టు ఎటు పడుతుందో దేవుడికే తెలుసు. చెట్టు ఎత్తుకి రెండింతల దూరంలో మనుషులూ పశువులూ ఉండకూడదు. పొలం మనదే అయినా 2002 వాల్టా చట్టం ఉంది, చెట్టు కొట్టేముందు అనుమతి కావాలో లేదో కనుక్కోండి.

తుపానుకి పడిన చెట్టు మరీ మోసం చేస్తుంది. వంగిన కొమ్మ ఎక్కుపెట్టిన విల్లు లాంటిది. రెండు చివర్లా ఆనుకుని ఉన్న దుంగకి పైభాగం నొక్కుకుని ఉంటుంది. ముందు పైనుంచి మూడో వంతు కోసి, మిగతాది కింద నుంచి కోయాలి. ఒక చివర గాలిలో వేలాడుతుంటే అది తలకిందులు. ముందు కింద మూడో వంతు, తర్వాత పైనుంచి. వేళ్ళతో సహా పెకిలిన చెట్టు కాండం కోయగానే ఆ వేళ్ళ దిబ్బ మళ్ళీ లేచి గోతిలో కూర్చోవచ్చు. ఆ గోతి దగ్గర పిల్లల్ని ఉండనివ్వకండి. కరెంటు తీగ తగిలి ఉన్న చెట్టుని లైన్‌మన్ వచ్చి చూసేదాకా ముట్టుకోవద్దు.

ఇంత చేసినా వేలు తెగితే? గాయం మీద శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కి చెయ్యి పైకెత్తి ఉంచండి. సున్నం, కాఫీపొడి, పసుపు వెయ్యకండి. తెగిన వేలుని శుభ్రమైన తడిగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవరులో పెట్టి మూతి కట్టి, ఆ కవరుని ఐసు కలిపిన నీళ్ళల్లో పెట్టండి. వేలు నేరుగా ఐసుకి తగలకూడదు. 108కి ఫోను చేసి, వేలు అతికించే సౌకర్యం ఉన్న ఆసుపత్రి ఏదో అడిగి నేరుగా అక్కడికే వెళ్ళండి. ఆ కొద్ది గంటలే విలువైనవి.

గొల్లపల్లి వీణ చేసే ఇంట్లో పిల్లాడికి ఉలి ఇచ్చేముందు ఎన్నాళ్ళో పక్కన కూర్చోబెట్టి చూపిస్తారు. మన ఇంట్లో పదిహేనేళ్ళ కుర్రోడు ఈ మిషను ఒక్క మీట నొక్కి మొదలెట్టేస్తున్నాడు. వరికోతలు అయ్యాక సంక్రాంతి లోపు దడులు, తలుపులు, పాకల పని అందరికీ ఉంటుంది. ఆ పని మొదలెట్టే ముందు రోజు బల్ల కొట్టండి. మిషను తర్వాత తియ్యండి.